పెద్దాయన ముక్కు

డాక్టర్ నస్రాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆసుపత్రిలో గుమాస్తా దగ్గర్నుంచి అంబులెన్సు డ్రైవరు దాకా అందరికీ తెలుసు. చలికాలం వచ్చిందంటే ఆ కోపానికి కారణాలు వెతుక్కోవలసిన పని కూడా ఉండదు. ఇబ్రీ పట్నం దాటి ఎడారి మొదలయ్యే చోట ఉన్న ఆ చిన్న ఊళ్ళో చలికాలమంటే పెళ్ళిళ్ళు, ఒంటె పందాలు, వాటి వెనకే ఫ్లూ జ్వరాలు. పెళ్ళిలో మగవాళ్ళంతా వరసగా నిలబడి ఒకరి ముక్కుకు ఒకరు ముక్కు తాకించి పలకరించుకుంటారు. నాలుగు రోజులు తిరగకుండా ఆ వరసంతా అదే క్రమంలో ఎమర్జెన్సీ గుమ్మంలో నిలబడుతుంది.

వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? "పట్టీ పెట్టండి డాక్టరమ్మా" అంటారు. దూదిపుల్ల ముక్కులో పెట్టి తీసి, దాన్ని మందునీళ్ళలో తిప్పి, ఆ చుక్కలు పట్టీ మీద వేస్తే కాసేపట్లో గీతలు తేలతాయి. రెండు గీతలొస్తే ఫ్లూ ఉన్నట్టు, ఒక్కటే వస్తే లేనట్టు. ఇది జనం లెక్క. నస్రా లెక్క వేరు. రెండొస్తే నమ్మవచ్చు, ఒక్కటే వస్తే మాత్రం ఆ మాట గట్టు మీద పెట్టి మనిషిని చూడాలి. ఒంటి నిండా ఫ్లూ ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఆ పట్టీ ఒక్క గీతే చూపించి ఊరుకుంటుంది. ఈ ముక్క ఆమె గొంతు బొంగురుపోయేలా చెబుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అవుతోంది. అంత చదువు చదివి తను చెప్పే మాట కన్నా వేలెడంత ప్లాస్టిక్ ముక్కకు ఊళ్ళో పరపతి ఎక్కువైపోయిందని ఆమె ఏడుపు.

దానికి తోడు అక్కడి మర్యాద ఒకటి. ఇద్దరు కలిస్తే ముందు "ఏం కబురు?" అని అడగాలి. "కబురేం లేదు, అంతా క్షేమం" అని రెండోవాడు చెప్పాలి. ఇంట్లో ఒంటె చచ్చినా, అన్నదమ్ములు తన్నుకున్నా, మొదటి జవాబు అదే. ఆ తరవాత కూర్చోబెట్టి, ఖర్జూరం పెట్టి, ఖహ్వా అనే ఏలకుల కాఫీ పోసి, గిన్నె చేతికిచ్చాక రెండోసారి అడిగితే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. గుడారం ముందు ఇసకలో కూర్చుని చూస్తే ఇది ముచ్చటగానే ఉంటుంది. ఎమర్జెన్సీలో మాత్రం ప్రాణం తీస్తుంది. మొన్న ఒకాయన గుండె పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చి, "అంతా క్షేమం డాక్టరమ్మా, మీరెలా ఉన్నారు?" అన్నాడు. నస్రా రుస్తాక్ పిల్ల. ఆ కొండల్లోనూ మర్యాదలు లేకపోలేదు కానీ, ఇంత మొండి మర్యాద ఆమె ఎక్కడా చూడలేదు.

ఆ గురువారం పొద్దున ముసబ్బా పెద్దాయన వచ్చేసరికి ఆమె అప్పటికే ఇద్దరితో పోట్లాడి ఉంది. 

పెద్దాయన రావడం రావడమే హాలంతా లేచి నిలబడింది. ఆ ఊరి తెగలో తగాదా ఏదొచ్చినా తీర్చేది ఆయనే. నీళ్ళ వంతు తగవులు, పెళ్ళి తగవులు, ఒంటె ఒకరి తోటలో మేసిన తగవు, అన్నీ ఆయన చాప మీదే తెగుతాయి. తెల్లటి అంగీ, నేసిన తలపాగా, చేతిలో సన్నటి బెత్తం. మొహం మాత్రం కుంపట్లో పెట్టి తీసినట్టు ఎర్రగా ఉంది. జ్వరంతో కూర్చున్నవాళ్ళు, చేతికి కట్టున్నవాళ్ళు, సెలైను సీసా తగిలించిన కడ్డీని చక్రాల మీద తోసుకుంటూ ఒకడు, అందరూ వరస కట్టి ఆయన ముక్కుకు ముక్కు తాకించి వచ్చారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరా ఆగి, దగ్గి, మళ్ళీ ముక్కు అందించాడు.

అద్దాల గదిలోంచి అది చూసి నస్రా తల పట్టుకుంది. "మతర్! ఆ వరస ఆపించవయ్యా బాబూ!" అని అరిచింది.

మతర్ ఆ పూట నర్సు. పెద్దాయనకు వరసకు తమ్ముడి కొడుకు. "ఆపిస్తానండీ" అని పరుగెత్తుకుంటూ వెళ్ళి, తనూ వరసలో నిలబడి, ముక్కు తాకించి వచ్చాడు.

పెద్దాయనను మంచం మీద కూర్చోబెట్టారు. కూడా వచ్చినవాళ్ళు హాల్లో చాప పరిచి ఖహ్వా ఫ్లాస్కు దింపారు. కొడుకు హందాన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని తండ్రి పక్కన నిలబడ్డాడు. నస్రా మాస్కు సరిచేసుకుని, "ఏమైంది పెద్దాయనా?" అంది.

"ఏమవుతుంది తల్లీ? కబురేం లేదు. అంతా క్షేమం. నువ్వు బాగున్నావా? నాన్న బాగున్నాడా? మీ రుస్తాక్ వైపు వానలు పడ్డాయట?"

"పడ్డాయి. దగ్గెప్పట్నుంచి?"

"దగ్గా? అది దుమ్ము. మొన్న పందాల దగ్గర గాలి లేచింది."

"జ్వరమో?"

"జ్వరమెక్కడిది? కార్లో వీడు వేడిగాలి పెట్టాడు."

జ్వరం చూసే మిషను ముప్ఫైతొమ్మిది డిగ్రీల సెల్సియస్ దాటింది. వేలికి పెట్టిన క్లిప్పు ఊపిరి చాలడం లేదని చెప్పింది. గుండెల మీద గొట్టం పెట్టి వింటే లోపల పాత తలుపు మూసి తెరిచినట్టుంది. అన్నిటికీ ఆయన "దుమ్ము" అనే అన్నాడు.

"ఏమీ లేకపోతే మరి ఎందుకొచ్చారండీ?" అంది నస్రా, గొంతు పెరగకుండా చూసుకుంటూ.

"ఇదిగో, కోడలి మాట కోసం" అన్నాడాయన.

అసలు సంగతి హందాన్ చెప్పాడు. అతని భార్య షమ్సాకు ఏడో నెలలోనే బాబు పుట్టాడు. అరచేతిలో ఇమిడేంత బిడ్డ. ఇదే ఆసుపత్రి పై అంతస్తులో గాజుపెట్టెలో పెట్టి బతికించారు. ఇంతకాలం ఆ పెట్టె పక్కనే కూర్చున్న షమ్సా ఇవాళ బిడ్డను ఇంటికి తెచ్చుకుంటోంది. పుట్టగానే పెద్దవాళ్ళు ఖర్జూరం నమిలి, ఆ తీపి బిడ్డ అంగిట రాయాలి. గాజుపెట్టె మూలాన అది జరగలేదు. ఇవాళ పెద్దాయన ఇంట్లో మేకలు కోశారు, తెగంతా వస్తోంది, పెద్దాయన తన నోటితో నమిలిన ఖర్జూరం మనవడి నోట్లో పెట్టాలి. ఆయన దగ్గు ఫోన్లో విన్న షమ్సా భయపడింది. బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పచ్చివని, జలుబు తగిలినా తట్టుకోలేడని పైన డాక్టర్లు ఆమెకు పదే పదే చెప్పారు. "పట్టీ పెట్టించుకోండి మామయ్యా. ఒక్క గీత వస్తే మీ ఇష్టమే నా ఇష్టం" అంది. ఆయన ముక్కు మీద వేలేసి, "ఈ ముక్కు మీద ఆన, పెట్టించుకుంటాను" అన్నాడు. అక్కడ మాటంటే ముక్కు మీద ఇచ్చిందే మాట. దానికి తిరుగుండదు.

ఇదంతా నస్రా మనసులో ఒక్కచోట చేర్చి చూసుకుంది. ఇంత జ్వరం, ఈ దగ్గు, ఆ నోటితో నమిలిన ఖర్జూరం, అరచేతిలో బిడ్డ. "పట్టీ ఏం చెప్పినా సరే, మీరా బిడ్డ దరిదాపులకు వెళ్ళకూడదు" అంది ముక్కుసూటిగా.

"పట్టీ ఏం చెబుతుందో అదే చేస్తాం" అన్నాడు పెద్దాయన, అంతే సూటిగా.

అప్పుడే అంబులెన్సు వచ్చింది. లోపల ఉబ్బసంతో నీలిరంగుకు తిరిగిన పిల్ల. నస్రా పరుగెత్తుతూ, "మతర్, పుల్ల బాగా లోపలికి పెట్టు. గొంతు వెనక దాకా వెళ్ళాలి. కళ్ళల్లో నీళ్ళు తిరగాలి. విన్నావా?" అంది.

"విన్నానండీ."

వినడమైతే విన్నాడు. ఉబ్బసం పిల్ల మొహానికి ఆవిరి మందు పట్టిస్తూ నస్రా తెర సందులోంచి చూసింది. మతర్ ముందు పెద్దాయన తలపాగాను ముద్దు పెట్టుకున్నాడు. "తప్పుగా అనుకోకండి పెదనాయనా" అన్నాడు. రెండు వేళ్ళతో పుల్ల పట్టుకుని, కొత్త పెళ్ళికూతురి కళ్ళకు కాటుక దిద్దినట్టు ఆయన ముక్కు అంచును తాకించాడు. గోరంత కూడా లోపలికి పోలేదు. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. పుల్ల ఎంత పొడిగా వెళ్ళిందో అంత పొడిగానూ తిరిగొచ్చింది. "క్షమించండి" అని మతర్ మళ్ళీ తలపాగా ముద్దు పెట్టుకున్నాడు.

నస్రా ఉన్నచోటునుంచి కదల్లేకపోయింది. చేతిలో ఉన్న పిల్లకు ఇంకా ఊపిరి తిరగలేదు. పిల్ల పెదాలు గులాబీ రంగుకు వచ్చి ఆమె బయటపడేసరికి జరగవలసిన అనర్థం జరిగిపోయింది. పట్టీ మీద ఒక్కటే గీత. హందాన్ దాన్ని పైకెత్తి హాలంతా చూపిస్తున్నాడు. "ఒక్కటే! ఒక్కటే గీత! అల్లా దయ!" ఖహ్వా గిన్నెలు చేతులు మారుతున్నాయి. ఎవరో ఇంటికి ఫోను చేసి పొయ్యి వెలిగించమంటున్నారు.

నస్రా మతర్‌ను మందుల గదిలోకి లాగి తలుపు మూసింది.

"అది టెస్టా? అది టెస్టేనా మతర్? నువ్వు ఆయన ముక్కుకు పరీక్ష చేశావా, అత్తరు రాశావా?"

"లోపలికే పెట్టానండీ..."

"ఎంత లోపలికి? మొన్న నా ముక్కులో పెట్టినప్పుడు మెదడు గోకినట్టు పెట్టావే! బంగ్లాదేశ్ డ్రైవరుకు పెడితే అతను కుర్చీలోంచి లేచి పరుగెత్తాడే! ఆ చెయ్యి ఇవాళ ఏమైంది?"

మతర్ నేల చూపులు చూశాడు. "అందరి ముక్కూ ఆయన ముక్కూ ఒకటెలా అవుతాయి డాక్టరమ్మా? పుట్టిన దగ్గర్నుంచీ పండక్కీ పబ్బానికీ ఆ ముక్కుకు దణ్ణం పెట్టి పెరిగినవాణ్ణి. జనమంతా చూస్తున్నారు. ఆ ముక్కులో నేను పుల్ల గుచ్చి, ఆయన కళ్ళంట నీళ్ళు కారిస్తే, రేపు మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"మర్యాదకు పోయి కొంప ముంచావు కదయ్యా!"

"మీరు చెయ్యండి, మీరు ఈ ఊరివాళ్ళు కారు" అన్నాడు మతర్ నసుగుతూ.

ఆ మాట నిజమే. నస్రా పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "టెస్టు సరిగ్గా జరగలేదు, మళ్ళీ చెయ్యాలి" అంది. ఆయన లేచి అంగీ సర్దుకుంటున్నాడు. నడుముకు కట్టిన రుమాలు విప్పి చూసి, మళ్ళీ ముడేశాడు. అందులో ఒకే ఒక ఖర్జూరం ఉంది. ఆయన తాత నాటిన ఖలాస్ రకం ఖర్జూరపు చెట్టుది.

"ముక్కు మీద ఆన పెట్టాను, పెట్టించుకున్నాను. తేలిపోయింది" అన్నాడు. "తగువు తెగాక మళ్ళీ చాప పరిస్తే ఇక దానికి అంతు ఉండదమ్మా. పట్టీలో ఓడినవాడల్లా ఇంకో పట్టీ అంటాడు."

"ఇందులో గెలుపూ ఓటమీ ఏముంది? మీకు ఫ్లూ ఉంది! కళ్ళకు కనిపిస్తోంది!"

"నీ కళ్ళకు కనిపించింది, పట్టీకి కనిపించలేదు. పట్టీకి నా మీద కోపం లేదు కదా."

చాప మీది జనం నవ్వారు. నస్రా చెవులు వేడెక్కాయి. హందాన్ వైపు తిరిగింది. హందాన్ తండ్రిని చూశాడు, ఫోను చూశాడు, మళ్ళీ తండ్రిని చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పని. "నాన్నగారు ఎలా అంటే అలా" అని గొణిగాడు.

పై అంతస్తుకు ఫోను చేస్తే బిడ్డల డాక్టరు, "కాగితాలు అయిపోయాయి నస్రా. జ్వరం ఉన్నవాళ్ళను దూరంగా పెట్టమని తల్లికి చెప్పాం. ఇంటికెళ్ళాక వాళ్ళ పెద్దలను నేనెలా ఆపను?" అన్నాడు. నస్రా ఫోను పెట్టేసి, గోడ మీద చేతులు కడుక్కోమని రాసిన పోస్టరుతో ఏదో అంది. మంచి మాట కాదు.

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుని షమ్సా వచ్చింది. ఒక్కతే వచ్చింది. బిడ్డను పైన తల్లి చేతిలో పెట్టి దిగింది. నిద్ర లేని కళ్ళు, చేతి మణికట్టుకు ఇంకా ఆసుపత్రివాళ్ళు కట్టిన పేరుచీటీ. హాలుకు పోకుండా నస్రాను స్తంభం చాటుకు పిలిచింది.

"ఒక్క గీతే వచ్చిందటగా డాక్టరమ్మా?"

"వచ్చింది. అది అబద్ధం."

షమ్సా మొహం పాలిపోయింది. "నేను మాటిచ్చేశాను. ఒక్కటొస్తే ఆయన ఇష్టమన్నాను. ఇప్పుడు అందరి ముందూ ఆయన మొహం మీద వద్దనలేను. అన్నానంటే ఆ ఇంట్లో రేపట్నుంచి నాకు నీళ్ళు పుట్టవు. అనకపోతే..." వెనక్కి తిరిగి లిఫ్టు వైపు చూసింది. "గాజుపెట్టెలో చెయ్యి పెట్టి వాడి కాలివేలు పట్టుకుని కూర్చునేదాన్ని. అంతే, వేలు ఒక్కటే పట్టుకోనిచ్చేవాళ్ళు. మీరే ఏదో ఒకటి చెయ్యండి అక్కా" అని మళ్ళీ పైకి వెళ్ళింది.

డాక్టరమ్మ అన్నది కాస్తా అక్కా అనేసరికి నస్రాకు కోపం ఎక్కడికో పోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. ఇంతసేపూ తను వాదించింది, అరిచింది, లెక్కలు చెప్పింది. రుస్తాక్‌లో నాయనమ్మ ఒక మాట అనేది. ఎవరి ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడకుండా తోస్తే నీ భుజమే విరుగుతుంది అని. 

నస్రా వెళ్ళి పెద్దాయన మంచానికి కాస్త దూరంలో స్టూలు లాక్కుని కూర్చుంది. హాలువైపు చెయ్యి చాపి, "నాకూ ఒక గిన్నె ఖహ్వా పొయ్యండి" అంది.

 ఆ డాక్టరమ్మ కూర్చోవడం అక్కడ ఎవరూ చూడలేదు. ఒకతను ఖహ్వా తెచ్చిచ్చాడు. ఆమె పక్కకు తిరిగి మాస్కు దించి తాగింది, ఇక చాలని గిన్నె ఊపి తిరిగిచ్చింది. మాస్కు పైకి లాక్కుని, మొదటిసారి వాళ్ళ పద్ధతిలో, "పెద్దాయనా, ఏం కబురు?" అంది.

"కబురేం లేదు. అంతా క్షేమం" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"ఖహ్వా అయింది. ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను. ఏం కబురు?"

పెద్దాయన ఆమె వైపు చూశాడు. ఖహ్వా తాగి రెండోసారి అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పకూడదు. ఆ పద్ధతి ఆయన నాన్నది, తాతది. బెత్తం మీద రెండు చేతులూ ఆనించి, గొంతు తగ్గించి అన్నాడు.

"మంగళవారం నుంచీ ఒళ్ళంతా సమ్మెట పెట్టి కొట్టినట్టుంది తల్లీ. రాత్రి చలి. నిన్న తెల్లవారు నమాజుకు నిలబడలేక కూర్చుని చేశాను. చిన్నప్పట్నుంచీ నేను కూర్చుని చెయ్యలేదు." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ పట్టీ ఏం లేదంది కదా. నాకున్నది ముసలితనమే కాబోలనుకున్నాను. అల్లా ఏదో దయతలిచి మనవడి దగ్గరికి దారి వదిలాడనుకున్నాను."

"పట్టీని ఎన్నిసార్లు అడిగాం పెద్దాయనా?"

"ఒకసారి."

"ఈ ఊళ్ళో ఒకసారి అడిగితే ఎవరు నిజం చెబుతారు? మీరు చెప్పారా? గుండెనొప్పితో వచ్చినవాడు చెప్పాడా? మతర్ పుల్లతో మీ ముక్కు గుమ్మంలో నిలబడి 'ఏం కబురు' అన్నాడు. అది 'అంతా క్షేమం' అంది. లోపలికి వెళ్ళి కూర్చుని అడిగితే కదా అసలు సంగతి చెప్పేది!"

చాప మీద ఎవడో ముందు కిసుక్కుమన్నాడు. తరవాత హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, ఊపిరి అందక బెత్తం జారి కింద పడింది. నస్రా ఆక్సిజన్ గొట్టం పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, మతర్‌ను వేలితో పిలిచాడు.

"రారా. పెట్టు."

"పెదనాయనా, డాక్టరమ్మ గారు పెడతారు..."

"నువ్వే పెట్టాలి. తప్పు చేసినవాడే దిద్దాలి. లోపలికి వెళ్ళి అడుగు. ఇది నా ఆజ్ఞ."

మతర్ కొత్త పుల్ల తీశాడు. పుల్ల పెట్టాడు. "ఇంకా" అంది నస్రా. ఇంకొంచెం పెట్టాడు. "ఇంకా!" పుల్ల సగానికి పైగా లోపలికి పోయింది. పెద్దాయన మంచం అంచు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుపోయాయి. రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారి తెల్లటి గడ్డంలోకి దిగాయి. మతర్ కూడా ఏడుస్తూనే పుల్ల తిప్పాడు, తీశాడు.  తమ తెగ పెద్ద కంట నీరు చూడడం హాల్లోవాళ్ళకు అదే మొదలు.

పెద్దాయన అంగీ చేత్తో కళ్ళు తుడుచుకుని, ముక్కు తడిమి చూసుకున్నాడు. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ! అక్కడిదాకా దారి ఉందా?" అన్నాడు. తరవాత మతర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, ఇందాక నువ్వు చేసింది పరీక్ష కాదురా. పలకరింపు."

మతర్ చుక్కలు వేశాడు. పట్టీ బల్ల మీద పెట్టాడు. అందరి కళ్ళూ దాని మీదే. నస్రాకు మాత్రం చూడాలంటే భయంగా ఉంది. ఈ పట్టీ రెండోసారి కూడా ఒక్క గీతే చూపించవచ్చు, అది దానికి అలవాటే. అప్పుడు తన మాట ఎవరు వింటారు? ఇంత చేసీ మళ్ళీ ఆ ప్లాస్టిక్ ముక్క కాళ్ళు పట్టుకోవలసి వచ్చిందే అని ఒళ్ళు మండింది.

పెద్దాయన పట్టీ వైపు తిరగనే లేదు. నడుము రుమాలు విప్పి, ఖర్జూరం బయటికి తీసి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు.

"హందాన్, మీ అత్తగారు పైనే ఉందా?"

"ఉంది నాన్నగారూ."

"ఆమెను నమిలి పెట్టమను. నోరు మంచిది, మాట మంచిది. బిడ్డను వాళ్ళింటికే తీసుకెళ్ళమను. మేకల మాంసం వచ్చినవాళ్ళకు పెట్టండి. నా కోసం ఆగొద్దు."

"పట్టీ ఇంకా తేలలేదు కదా!" అన్నాడు హందాన్.

"పట్టీతో నాకేం పనిరా? రెండోసారి అడిగితే నా నోటితో నేనే చెప్పాను. ఇంక దాని సాక్ష్యమెందుకు?" అని ఖర్జూరం కొడుక్కి అందించబోయాడు.

"ముట్టుకోకండి!" అని నస్రా ఎగిరి గంతేసింది. "ఆ ఖర్జూరమూ వద్దు, ఆ రుమాలూ వద్దు. ఆ చెట్టువి ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

"డబ్బా నిండా ఉన్నాయి."

"అయితే ఆ డబ్బాలోవి. మీరు తాకనివి."

పెద్దాయన ఖర్జూరం వైపు చూసి, ఎవరికీ ఇవ్వలేక, తన నోట్లోనే వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఆయన ఎన్ని రోజులుగా అది నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడో నస్రాకు అప్పుడు తట్టింది. మాస్కు లోపల పెదవి కొరుక్కుంది.

"రెండు!" అన్నాడు మతర్. గొంతు కీచుమంది. "రెండు గీతలు!"

వచ్చింది. అందరూ ఒప్పుకున్నాక, అవసరం తీరాక, ఇక తన అక్కర ఎవరికీ లేనప్పుడు తీరిగ్గా వచ్చింది. నస్రా ఆ పట్టీ వైపు చూసిన చూపుకు మామూలు వస్తువైతే కరిగిపోయేది.

కానీ చూస్తూ నిలబడే తీరిక లేదు. పెద్దాయనకు మందు మొదలుపెట్టాలి, వార్డులో మంచం వెయ్యాలి. ఆమె హాలు వైపు తిరిగింది. సెలైను కడ్డీతో ఉన్నవాడు, చాప మీదివాళ్ళు, మతర్, హందాన్. పొద్దున ఆ ముక్కు తాకని ముక్కు ఒక్కటి కూడా లేదు.

"ఒక్కరూ కదలకండి" అంది. "అందరికీ మాస్కులు. మీలో చంటిబిడ్డలున్నవాళ్ళు, చూలాళ్ళున్నవాళ్ళు, ముసలివాళ్ళున్నవాళ్ళు ఇటు రండి. హందాన్, నువ్వూ అంతే. కొన్నాళ్ళు బిడ్డను ఎత్తుకోకు."

"నేను తండ్రినండీ!"

"పొద్దున మీ నాన్నగారి ముక్కుకు ముక్కు తాకించావా లేదా?"

హందాన్ మాస్కు అందుకున్నాడు. "మాక్కూడా పట్టీ పెడతారా డాక్టరమ్మా?" అని చాప మీదినుంచి ఒకతను ఆశగా అడిగాడు. నస్రా అతనికి జవాబు చెప్పలేదు. చెప్పివుంటే ఉద్యోగం పోయేది.

పెద్దాయనను చక్రాల మంచం మీద వార్డుకు తోస్తున్నప్పుడు నడవా చివర లిఫ్టు తెరుచుకుంది. షమ్సా బయటికి వచ్చింది. చేతుల్లో దుప్పటి మడతల మధ్య ఎక్కడో బిడ్డ ఉన్నాడు. వెనక ఆమె తల్లి. నడవా పొడుగంతా మాస్కులు పెట్టుకున్న మగవాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. షమ్సా మామగారిని చూసి ఆగింది. దగ్గరికి రావాలో వద్దో ఆమెకు తెలియలేదు. పద్ధతి ప్రకారం పలకరించకుండా వెళ్ళకూడదు.

"మామయ్యా, ఏం కబురు?" అంది అంత దూరంనుంచే.

ముసబ్బా పెద్దాయన మోచేతి మీద పైకి లేచాడు. ఆక్సిజన్ గొట్టం పక్కకు తీశాడు. ముక్కు ఇంకా ఎర్రగా ఉంది. ఖహ్వా లేదు, చాప లేదు, రెండోసారి ఎవరూ అడగలేదు.

"జ్వరం తల్లీ" అన్నాడు నడవా అంతా వినబడేలా. "ఒళ్ళంతా జ్వరం. నా వైపు రాకు. ఆ పక్క తలుపులోంచి తీసుకెళ్ళు."

గోడ పొడుగునా ఉన్న మగవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మతర్ మంచం తొయ్యడం మరిచిపోయాడు. షమ్సా దుప్పటి అంచు కొంచెం తొలగించి, బిడ్డ మొహం ఆయనకు కనిపించేలా ఒకసారి ఎత్తి పట్టుకుంది. తరవాత పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

"తొయ్యవయ్యా మతర్!" అంది నస్రా. గొంతులో కోపం తెచ్చుకుందామని చూసింది కానీ, అది రాలేదు.